పంతొమ్మిది మైనం పళ్ళు

డాక్టర్ శ్రీరమ్య ల్యాబులో బల్ల మీద నల్లగుడ్డ పరిచి, దాని మీద పంతొమ్మిది పళ్ళను వరసగా పేర్చింది. అన్నీ మైనం పళ్ళే. బుధవారం నాడు ఫస్టియర్ పిల్లలు ఇరవై ఐదుగురు రెండు గంటల సేపు కూర్చుని, పరీక్ష కోసం చెక్కినవి. పై దవడలో కోరపన్ను పక్కనే ఉండే పన్ను అది. చెంప వైపు ఒక మొన, అంగిలి వైపు ఒక మొన ఉంటాయి. దంత వైద్యం చదివేవాళ్ళు దాన్ని మొదటి ప్రీమోలార్ అంటారు.

"మిగతా ఆరు ఏవండీ?" అని అడిగింది నస్రత్.

"వాటిని వదిలెయ్యండి. అవి పళ్ళో పల్లీలో తేల్చుకోవడానికే సాయంత్రం అయ్యేట్టుంది. ముందు వీటిని చూడండి."

నస్రత్ వంగి చూసింది. గుంటూరు పొలిమేరలో, మిర్చి లారీలు తిరిగే రోడ్డు పక్కనున్న ఆ డెంటల్ కాలేజీలో ఆమె ఏడేళ్ళుగా పళ్ళు చెక్కడం నేర్పుతోంది. నేర్చుకున్నది కూడా అదే ల్యాబులో. పంతొమ్మిదీ బాగున్నాయి. మొనలు సరైన ఎత్తులో ఉన్నాయి, మధ్య కాలవ తిన్నగా ఉంది, సబ్బునీళ్ళలో ముంచిన దూదితో రుద్ది నిగనిగలాడేట్టు చేశారు. బాగున్నాయనే అంది.

"బాగున్నాయి. మరీ బాగున్నాయి. ఇక్కడ చూడండి."

శ్రీరమ్య చేతిలో సన్నటి ఉక్కు ప్రోబ్ ఉంది. మొదటి పన్ను మీద, చెంప వైపు మొన నుంచి కోరపన్ను వైపుకు దిగే వాలు మీద దాన్ని మెల్లగా జార్చింది. సగం దూరంలో ప్రోబ్ చిన్నగా ఆగింది. అక్కడ దారమంత సన్నటి గాడి ఉంది. రెండో పన్ను మీద కూడా అక్కడే ఆగింది. మూడోదాని మీదా అంతే. చివరి దాకా పంతొమ్మిది సార్లు ఆగింది.

"ఏ పుస్తకంలో ఉందండీ ఈ గాడి? ఎదురు పన్ను తగిలి అరిగితే చదునుగా అరగాలి గానీ గీత గీసినట్టు అరగదు. పంతొమ్మిది మంది పిల్లలకు ఒకే తప్పు, ఒకే చోట, ఒకే లోతున ఎలా వస్తుంది? ఇదంతా ఒక్క చెయ్యి చేసిన పని."

శ్రీరమ్య నెల్లూరు నుంచి వచ్చి జూన్‌లో విభాగాధిపతిగా చేరింది. చాదస్తమనిపించేంత శ్రద్ధ ఆమెది. ఇంతకు ముందు ఈ పరీక్షలకు నస్రతే మార్కులు వేసేది. ఈ ఏడు శ్రీరమ్య తానే ప్రోబ్ పట్టుకుంది.

నస్రత్‌కు ఇప్పుడు గాడి కనిపించింది. వేలు పెట్టి చూపించాక కనిపించకుండా ఎలా ఉంటుంది? ఇంతసేపూ ఎందుకు కనిపించలేదన్న ఆలోచన మాత్రం ఆమెకు రాలేదు.

"ట్రేలు బుధవారం రాత్రి ఎవరి దగ్గరున్నాయి?" అంది శ్రీరమ్య.

ట్రేలు ఎప్పుడూ రోశయ్య దగ్గరే ఉంటాయి. రోశయ్య ఆ ల్యాబు టెక్నీషియన్. ఇరవై ఆరేళ్ళుగా మైనం కరిగించి దిమ్మెలు పోసేది, ప్లాస్టర్ కలిపేది, పిల్లల చెక్కుడు కత్తులకు పదును పెట్టేది అతనే. చీమకుర్తి గ్రానైట్ ముక్క ఒకటి బల్ల సొరుగులో పెట్టుకుని, దాని మీద రెండు చుక్కల నూనె వేసి నూరుతాడు. రిటైరవడానికి ఇంకో పద్నాలుగు నెలలుంది. కాలేజీలో అతని కంటే బాగా పన్ను చెక్కేవాళ్ళు లేరని అందరికీ తెలుసు. ఇప్పుడు అదే అతని మీదికి వచ్చింది.

పిలిస్తే చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"రోశయ్యా, ట్రేలు ఎక్కడ పెట్టావు ఆ రాత్రి?"

"బీరువాలో పెట్టానండి."

"తాళం?"

"నా దగ్గరే ఉంటదండి ఎప్పుడూ."

"ఈ పళ్ళ మీద నువ్వు చెయ్యి పెట్టావా?"

"చెయ్యి పెట్టకుండా ట్రేలో ఎట్టా సర్దుతానండి?"

శ్రీరమ్య ముఖం బిగుసుకుంది. అతను ఎగతాళిగా అనలేదు, అడిగినదానికి జవాబు చెప్పాడంతే. ఆమెకు మాత్రం అది పొగరుగానే వినిపించింది. రోశయ్య నల్లగుడ్డ మీదికి వంగి, కళ్ళజోడు పైకి తోసుకుని ఒక పన్ను చూశాడు, ఇంకోటి చూశాడు. తర్వాత తలెత్తి నస్రత్ వైపు చూశాడు. నస్రత్ తన గడియారం చూసుకుంది. మూడింటికి ఆమెకు క్లాసుంది.

"రాత్రి కూర్చుని వీటిని దిద్దావని నా అనుమానం. రేపటికల్లా రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వు," అంది శ్రీరమ్య.

"అట్టాగేనండి," అన్నాడు రోశయ్య.

శుక్రవారం పదకొండింటికి సంజాయిషీ వచ్చింది. రూళ్ళ కాయితం మీద, గుండ్రటి అక్షరాలతో, మూడే ముక్కలు. 'నేను పళ్ళు దిద్దలేదు. నస్రత్ మేడమ్ గారు ఎట్టా చెక్కి చూపించారో పిల్లలు అట్టాగే చెక్కారు. చిత్తగించవలెను.'

శ్రీరమ్య ఆ కాయితాన్ని నస్రత్ వైపు తిప్పింది.

"చూశారా? తిప్పి తిప్పి మీ మీదికి తెస్తున్నాడు."

నస్రత్ రెండుసార్లు చదివింది. ఆమెకు ఒళ్ళు మండింది. తాను చదువుకునే రోజుల్లో ఈ మనిషే తన కత్తికి పదును పెట్టి ఇచ్చాడు. ఇన్నేళ్ళలో తాను అతనితో ఒక్కనాడూ గట్టిగా మాట్లాడి ఎరగదు. అలాంటిది తన పేరు కాయితం మీద పెడతాడా?

"నాలుగింటి తర్వాత హాస్టల్ పిల్లలతో కూర్చునేవాడట కదా?" అంది శ్రీరమ్య.

"కూర్చునేవాడు."

"చెక్కి ఇచ్చేవాడా?"

"నేను చూడలేదండి."

"చూడలేదంటే ఇవ్వలేదని కాదు కదా?"

"కాదు," అంది నస్రత్.

ఆ ముక్కే శ్రీరమ్య నివేదికలోకి ఎక్కింది. సాయంత్రాలు విద్యార్థులతో కలిసి కూర్చోవడాన్ని ప్రాక్టికల్స్ ఇన్‌ఛార్జి నస్రత్ ధ్రువీకరించారనీ, పళ్ళు చెక్కి ఇచ్చి ఉండే అవకాశాన్ని తోసిపుచ్చలేదనీ రాశారు. కింద సంతకం చోటు ఖాళీగా ఉంది. వచ్చే నెల ఇరవయ్యో తేదీన నస్రత్‌కు రీడర్ పోస్టుకు ఇంటర్వ్యూ ఉంది. బోర్డులో శ్రీరమ్య ఉంటుంది. దానికీ దీనికీ సంబంధం లేదని నస్రత్ అనుకుంది. పెన్ను మూత తీసి, పేరు మొత్తం రాసి, తేదీ వేసింది.

మధ్యాహ్నం రోశయ్య సస్పెన్షన్ మెమో అందుకుని, బీరువా తాళాలు ఆఫీసులో అప్పగించాడు. క్యారేజీ సంచీ భుజాన వేసుకుని, ల్యాబు బయట చెప్పులు తొడుక్కుని, గేటు వైపు వెళ్ళిపోయాడు. గ్రానైట్ ముక్క సొరుగులోనే ఉండిపోయింది.

పంతొమ్మిది మందికీ పరీక్ష మళ్ళీ పెడతామన్నారు. శనివారం పొద్దున నస్రత్ ల్యాబులోకి వచ్చింది. రోజూ ఆ వేళకు మైనం వెచ్చబడి, కత్తులు వరసగా పెట్టి ఉండేవి. ఆ రోజు ఆఫీసు నుంచి వచ్చిన అటెండరు మైనం దిమ్మెలు ఎండలో పెట్టి మర్చిపోయాడు. అవి ఒకదానికొకటి అతుక్కున్నాయి.

మూడో వరసలోంచి రెబ్కా లేచి నిలబడింది. వాళ్ళ నాన్న చీమకుర్తిలో గ్రానైట్ లారీ నడుపుతాడు. ఆ పిల్ల గొంతు కూడా లారీ చప్పుడులో పెరిగిన గొంతే.

"మేడమ్, రోశయ్య గారు మా పళ్ళు ముట్టుకోలేదు మేడమ్. నాది నేనే చెక్కాను. ఎవరిది వాళ్ళే చెక్కారు."

"మరి ఆ గాడి ఎక్కడిది?"

"ఏ గాడి మేడమ్?"

నస్రత్ ట్రేలోంచి పన్ను తీసి, ప్రోబ్‌తో చూపించింది. రెబ్కా దాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసింది. పక్కనున్న ఇద్దరూ చూశారు. ముగ్గురూ ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు.

"ఇదా? ఇది ఉండాలి కదా మేడమ్?"

"ఉండాలని ఎవరు చెప్పారు?"

రెబ్కా ఆమె చేతుల వైపు ఒకసారి చూసింది. "ఎవరూ చెప్పలేదు మేడమ్," అని కూర్చుంది.

నస్రత్‌కు విసుగొచ్చింది. సరే, మొదటి నుంచీ మళ్ళీ చూపిస్తాను అంది. స్పిరిట్ దీపాల మంట కదలకుండా ఫ్యాన్లు ఆపించింది. కిటికీలోంచి రోడ్డు మీది మిర్చి ఘాటు వస్తోంది. ఎవరో తుమ్మారు. ఆమె చేతుల పైన చిన్న కెమెరా ఉంటుంది. చేతి కదలికంతా గోడ మీది టీవీలో పెద్దగా కనిపిస్తుంది.

దిమ్మె నాలుగు పక్కలా పెన్సిల్‌తో పన్ను ఆకారం గీసింది. గీత బయటి మైనాన్ని పెద్ద కత్తితో తీసేసింది. మూలలు గుండ్రం చేసింది. చెంప వైపు మొన కొంచెం ఎత్తుగా, అంగిలి వైపు మొన కొంచెం పొట్టిగా దిద్దింది. మధ్య కాలవ తవ్వింది.

"పన్ను అందంగా ఉంటే చాలదు. నమలాలి. పైదీ కిందిదీ ఎక్కడ కలుస్తాయో, పక్కకు జరిగినప్పుడు ఏ వాలు మీద జారతాయో తెలియకుండా చెక్కితే అది బొమ్మ అవుతుంది. పన్ను కాదు," అంది. ఈ మాటలు ఏడేళ్ళుగా అంటున్నవే. నోరు దానంతటదే అంటుంటే చెయ్యి దానంతటదే చెక్కుతుంది.

ముప్పావు గంటకు పన్ను పూర్తయింది. ఆమె తలెత్తి క్లాసు వైపు చూసింది. పిల్లలు తలలు వంచుకుని ఆమె వెంటే చెక్కుతున్నారు. వాళ్ళ చేతులు కూడా చివరి గీత దగ్గరికి వచ్చాయి. అప్పుడు చూసింది. కుడి మణికట్లు లోపలికి తిరిగాయి, బొటనవేళ్ళు కొంచెం పైకి లేచాయి, కత్తి మొనలు చిటుక్కున ఒకసారి కిందికి జారాయి. డ్రిల్లు మాస్టారు ఈల వేసినట్టు దాదాపు ఇరవై చేతులు ఒకే పని చేశాయి.

నస్రత్ తన చేతిలోని పన్నును దీపం దగ్గరికి తెచ్చింది. చెంప వైపు మొన వాలు మీద, సగం దూరంలో, గాడి ఉంది.

ఆ పన్నును ఆర్టిక్యులేటర్‌లో బిగించింది. మనిషి దవడల్లాగా తెరుచుకుని మూసుకునే ఇత్తడి చట్రం అది. ప్లాస్టర్ పళ్ళ వరసలో ఒక పన్ను ఖాళీ ఉంటే అక్కడ మైనం పన్ను పెడతారు. రెండు దవడల మధ్య నీలం కాయితం పెట్టి మూసింది, మెల్లగా పక్కకు జరిపింది, తెరిచింది. ఎదురు పన్ను రాసుకున్న వాలు మీద నీలం రంగు పడింది. గాడి దగ్గర మాత్రం తెల్లగా ఉంది. అక్కడ ఏ పన్నూ ఏ పన్నునూ తాకదు.

"ఇంక మీరు వెళ్ళండి," అంది పిల్లలతో.

ఒక్కతే కూర్చుని ఇంకో పన్ను చెక్కింది. గాడి పడింది. ఈసారి పడకూడదని పళ్ళు బిగబట్టి మూడోది చెక్కింది. చివరి గీత దగ్గర ఎడమ చేత్తో కుడి మణికట్టును పట్టుకోవలసి వచ్చింది. గాడి పడలేదు. కానీ ఎంత చూసినా అది పూర్తయిన పన్నులా కనిపించలేదు. అన్నం తిని చెయ్యి కడుక్కోనట్టుంది.

ల్యాబు తలుపు పక్కన అద్దాల బీరువా ఉంది. అందులో నోట్లోని ముప్పై రెండు పళ్ళూ మైనంతో చెక్కినవి వరసగా ఉన్నాయి. కింద కాలేజీ పేరు రాసి ఉంది గానీ, చెక్కింది రోశయ్య. నస్రత్ చదువుకున్నప్పుడు కూడా అవి అక్కడే ఉన్నాయి. అద్దం మీద దుమ్ము తుడిచి, తలుపు జరిపి, ఆ పన్ను తీసింది. ప్రోబ్ జార్చింది. ఎక్కడా ఆగకుండా అడుగు దాకా జారిపోయింది. శ్రీరమ్య నల్లగుడ్డ పరిచిన బల్లకూ ఈ బీరువాకూ మధ్య ఐదడుగుల దూరం కూడా లేదు. ఇద్దరు డాక్టర్లు రెండు రోజులు విచారించారు. ఒక్కరూ ఆ ఐదడుగులు నడవలేదు.

నస్రత్‌కు రూళ్ళ కాయితం మీది గుండ్రటి అక్షరాలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

తన చెయ్యి ఆ గాడిని ఎక్కడ నేర్చుకుందో తేల్చుకోవాలని, ఆ సాయంత్రం బస్సెక్కి సత్తెనపల్లి వెళ్ళింది. నాన్న సుభానీ వసారాలో కూర్చుని పరుపు కుడుతున్నాడు. దూది ఏకి పరుపులు కుట్టడం వాళ్ళింటి పని. ఫోమ్ పరుపులు వచ్చాక పని తగ్గింది గానీ, నడుం నొప్పి వాళ్ళు, బాలింతలు ఇంకా అతని దగ్గరికే వస్తారు. లావుపాటి దారాన్ని మైనం ముద్ద మీద రెండుసార్లు లాగి, దబ్బనంలోకి ఎక్కించాడు.

నస్రత్ ఇంట్లోని బీరువాలోంచి పాత అగ్గిపెట్టె తెచ్చి తెరిచింది. దూదిలో ఒక పన్ను ఉంది.

"నాన్నా, ఇది నీదే కదా?"

"నాదే. మీ కాలేజీలోనే పీకారు కదే. పళ్ళు తెమ్మన్నారని నువ్వు ఫస్టియర్‌లో ఏడుస్తుంటే, ఎట్టాగూ కదులుతోంది, ఇదే తీసుకెళ్ళమన్నా. ఆ ఎండాకాలమంతా దీన్ని ముందు పెట్టుకుని ఇంట్లో కొవ్వొత్తులన్నీ చెక్కి పారేశావుగా. కరెంటు పోతే దీపం లేదు మనకి."

నస్రత్ గోటితో పన్ను వాలు మీద తడిమింది. గోరు ఆగింది.

"ఈ గాడి ఏంటి నాన్నా?"

సుభానీ పన్నును చూడకుండానే నవ్వాడు. చేతిలోని దారాన్ని పెదవి చివరికి పెట్టుకుని, పక్క పళ్ళ మధ్యకు లాగి చూపించాడు. అక్కడ ఇప్పుడు పన్ను లేదు. దారం ఖాళీలో ఆడింది.

"ముందు పళ్ళతో కొరికితే దారం కొస చీలిపోద్ది, దబ్బనంలోకి ఎక్కదు. పక్క పన్ను మీద బిగబట్టి లాగితే కోసినట్టు తెగుద్ది. కుట్టు బిగించేటప్పుడు కూడా అక్కడే పట్టుకునేవాణ్ణి. నలభై ఏళ్ళు లాగితే రాయైనా కోసుకుపోద్ది. పన్నెంత?" అని, దారాన్ని బ్లేడుతో తెంపాడు. "ఇప్పుడెందుకే అది?"

"ఏడేళ్ళుగా పిల్లలందరికీ నీ పన్నే నేర్పాను నాన్నా."

"నేర్పితే ఏమైంది? మంచి పన్నే. ఇంకోటి ఏదీ అంత గట్టిగా లేదు," అన్నాడు సుభానీ, దబ్బనం గుచ్చుతూ.

నస్రత్‌కు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. రెండూ ఆపుకుంది.

ఆదివారం పది గంటలకు రోశయ్య ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. నల్లచెరువు దగ్గర సందులో రెండు గదుల ఇల్లు. ముందు పట్టా పరిచి మిరపకాయలు పోసుకుని, రోశయ్య, అతని భార్య మాణిక్యమ్మ తొడిమలు తీస్తున్నారు. నస్రత్‌కు గుమ్మంలోనే తుమ్ములు మొదలయ్యాయి. మాణిక్యమ్మ లేచి, ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసి, మళ్ళీ వెళ్ళి తన చోట కూర్చుంది.

"రోశయ్య గారూ, ఆ గాడి నాది," అంది నస్రత్.

"తెలుసండి."

"ఎప్పటి నుంచి తెలుసు?"

"మీరు మేడమ్‌గా చేరిన రెండో ఏటి నుంచి. పిల్లల పళ్ళు ట్రేలో సర్దేది నేనే కదండీ, చేతికి తగులుతుంటది. ఒకసారి చెప్పబోయాను కూడా. 'మేడమ్, ఆ చివరి గీత' అన్నాను. మీరు 'మైనం వేడెక్కిందా రోశయ్యా' అన్నారు. వేడెక్కిందండి అన్నా."

నస్రత్‌కు అలా అన్నట్టు గుర్తు లేదు. అనే ఉంటుందని మాత్రం తెలుసు.

"మొన్న ఆవిడ ముందు గట్టిగా చెప్పాల్సింది."

ఈసారి మాణిక్యమ్మ అందుకుంది. ఆమె తొడిమలు తీయడం ఆపలేదు. వేళ్ళు ఎర్రగా పొంగి ఉన్నాయి.

"కాయితం మీద రాసిచ్చాడు కదమ్మా. పొయ్యి కాడ కూర్చుని నాలుగు సార్లు రాసి చింపాడు. మేడమ్ పేరు పెట్టకపోతే అబద్ధమవుద్ది, పెడితే ఆమెకి మాటొస్తదేమోనని. మీరు చదివారా ఆ కాయితం?"

"చదివాను."

"చదివి ఏం చేశారు?"

"నివేదిక మీద సంతకం పెట్టాను."

మాణిక్యమ్మ ఒక్కో కాయ తీసి, తొడిమ గిల్లి, అటు వేస్తోంది. రోశయ్య కూడా తల వంచుకుని అదే పని చేస్తున్నాడు. ఎవరూ పొమ్మనలేదు, ఫర్వాలేదనీ అనలేదు.

నస్రత్ లేచేటప్పుడు రోశయ్య అన్నాడు. "నా మీద జాలిపడి ఏమీ చెప్పొద్దండి. మంచోడు, పెద్దోడు, వదిలెయ్యండి అని చెప్పొద్దు. ఉన్నది ఉన్నట్టు చెబితే చాలు."

"చెబుతాను."

"మంచినీళ్ళు తాగుతారా?" అంది మాణిక్యమ్మ అప్పుడు.

సోమవారం తొమ్మిదిన్నరకు నస్రత్ ఒక మైనం దిమ్మె, కత్తులు, పంతొమ్మిది పళ్ళ ట్రే పట్టుకుని శ్రీరమ్య గదిలోకి వెళ్ళింది. విషయం చెప్పింది. శ్రీరమ్య మొదట నమ్మలేదు.

"అతని మీద మీకు అభిమానం ఉంటే ఉండొచ్చు. కానీ నివేదిక ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్ళిపోయింది. మీ సంతకం ఉంది."

"అందుకే ఆయన ముందు చెక్కుతాను. మీరూ రండి."

ప్రిన్సిపాల్ ఫైళ్ళు చూసుకుంటున్నాడు. బల్ల మూల చూపించి, కానివ్వండి అన్నాడు. అరగంటలో మైనం తురుము ఆయన ఫైళ్ళ మీదికి ఎగిరిపడుతుంటే రెండుసార్లు దులుపుకున్నాడు. నస్రత్ దాచడానికీ, దిద్దుకోవడానికీ ప్రయత్నించలేదు. చేతిని దాని మానాన వదిలేసింది. చివరికి మణికట్టు తిరిగింది, బొటనవేలు లేచింది, కత్తి జారింది.

ఆ పన్నును నల్లగుడ్డ మీద పంతొమ్మిదింటి పక్కన పెట్టింది. దాని పక్కన జేబులోంచి తీసి రెండు పెట్టింది. ఒకటి అద్దాల బీరువాలోని రోశయ్య పన్ను. ఇంకోటి అగ్గిపెట్టెలోది.

శ్రీరమ్య ప్రోబ్ తీసింది. కంటితో చూసినదాన్ని కాదనే అలవాటు ఆమెకు లేదు, అది ఒప్పుకోవాలి. నస్రత్ చెక్కిన పన్ను మీద ప్రోబ్ ఆగింది. రోశయ్య పన్ను మీద ఆగకుండా జారింది. మూడోదాని మీద ఆగగానే ఆమె తలెత్తింది.

"ఇది నిజం పన్నే! ఎవరిది?"

"మా నాన్నది. ఆయన పరుపులు కుడతారు. ఆ గాడి దారం కోత."

శ్రీరమ్య ఆ పన్నును చాలాసేపు తిప్పి తిప్పి చూసింది. "ఎదురు పన్ను వల్ల పడదని నేను అన్నాను," అంది మెల్లగా. "దారం నాకు తట్టలేదు."

"నాకు ఇరవై ఏళ్ళుగా తెలిసిన పన్ను. నాకే తట్టలేదు."

ప్రిన్సిపాల్ ఫైలు మూశాడు. ఇదంతా నోటిమాటగా కుదరదనీ, ఏడేళ్ళు తప్పు నేర్పినట్టు ఆమె రాసివ్వాలనీ, అది ఆమె ఫైల్లోకి వెళ్తుందనీ చెప్పాడు. ఇరవయ్యో తేదీ సంగతి ఆయన ఎత్తలేదు. ఎత్తక్కర్లేదు. నస్రత్ కాయితం అడిగి అక్కడే రాసింది. ముందు ఇంగ్లీషులో మొదలుపెట్టి, రెండు వాక్యాలు రాసి, కొట్టేసింది. మళ్ళీ తెలుగులో రాసింది. 'నేను ఎట్టా చెక్కి చూపించానో పిల్లలు అట్టాగే చెక్కారు. రోశయ్య గారు తన సంజాయిషీలో రాసినది నిజం. నేను దాన్ని చదివి కూడా సంతకం పెట్టాను.'

మంగళవారం మెమో రద్దయింది. రెండు లైన్ల కాయితం. అందులో క్షమించమన్న మాట లేదు. పిల్లలకు రెండో పరీక్ష తప్పింది, గాడికి తలా ఒక మార్కు తగ్గింది. నస్రత్ ఇంటర్వ్యూ వచ్చే ఏడాదికి వాయిదా పడింది.

బుధవారం రోశయ్య ల్యాబుకు వచ్చాడు. చెప్పులు బయట విడిచి, బీరువా తెరిచి, అతుక్కుపోయిన దిమ్మెలను చూసి ఏదో గొణుక్కున్నాడు. సొరుగులోంచి గ్రానైట్ ముక్క తీసి, రెండు చుక్కల నూనె వేసి, కత్తులన్నీ నూరాడు. నస్రత్ పలకరిస్తే తలూపాడంతే.

క్లాసు నిండాక నస్రత్ తన బల్ల పక్కన ఇంకో కుర్చీ వేయించింది.

"ఇక్కడ కూర్చోండి రోశయ్య గారూ."

"నేను నుంచుంటానండి."

"కూర్చోండి. నా చెయ్యి కనపడాలి మీకు."

అతను కుర్చీ అంచున కూర్చున్నాడు. నస్రత్ పిల్లలకు జరిగిందంతా చెప్పింది. నాన్న పన్ను గురించి, దారం గురించి, సంతకం గురించి కూడా. పిల్లలకు ఎక్కడ నవ్వాలో తెలియలేదు. తర్వాత ఫ్యాన్లు ఆపించి, దిమ్మె తీసుకుంది. నాలుగు పక్కలా గీసింది, మైనం తీసింది, గుండ్రం చేసింది, మొనలు నిలబెట్టింది, కాలవ తవ్వింది. గోడ మీది టీవీలో ఆమె చేతులు పెద్దగా కదులుతున్నాయి. పిల్లల కత్తులు వెనకే కదులుతున్నాయి. జాగ్రత్తగానే ఉంది. జాగ్రత్తగా ఉన్నాననుకుంటుండగానే మణికట్టు లోపలికి తిరగడం మొదలుపెట్టింది.

"అక్కడ ఆపండి," అన్నాడు రోశయ్య.

ఆ ల్యాబులో ఇరవై ఆరేళ్ళలో అతను అంత గట్టిగా మాట్లాడటం ఎవరూ వినలేదు. క్లాసు మొత్తం కత్తులు గాల్లో ఆగిపోయాయి. నస్రత్ చెయ్యి కూడా ఆగింది.

రోశయ్య ఆమె చేతిలోంచి పన్ను తీసుకున్నాడు. కళ్ళజోడు పైకి తోసుకుని దీపం దగ్గర పెట్టి చూశాడు. వాలు మీద బొటనవేలు ఒకసారి జార్చాడు.

"అయిపోయిందండి. ఇంకేం చెయ్యక్కర్లేదు," అని తిరిగి ఇచ్చాడు.

నస్రత్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఆమె కళ్ళకు అది ఇంకా సగంలోనే ఆగిపోయిన పన్నులా ఉంది. అలాగే ముందు వరసలోని పిల్లలకు అందించి, ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు చూడండి అంది.